డెంగీతో మూత్రం ఆగిపోయాక: బావ కిడ్నీలు మళ్ళీ పనిచేసేదాకా చూసింది, రాసుకున్నది

మా బావకు సెప్టెంబరు 8న జ్వరం వచ్చింది. 15న డయాలసిస్ మొదలైంది. 26 తర్వాత మళ్ళీ అవసరం పడలేదు. డిసెంబరు మధ్యలో చేయించిన పరీక్షల్లో కిడ్నీలు దాదాపు మునుపటి స్థితికి వచ్చాయి. ఈ మూడు నెలల్లో ఏ రోజు ఏం జరిగిందో, ఏ అంకె చూసి భయపడాలో, ఏ అంకె చూసి ఊరుకోవాలో ముందే తెలిసుంటే మా ఇంట్లో వాళ్ళకు సగం బాధ తగ్గేది. నేను విశాఖలోనే డయాలసిస్ టెక్నీషియన్‌ని. కాబట్టి మిషన్ దగ్గర జరిగేదీ, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు పడేదీ రెండూ రాయగలను. బావను చేర్చిన ఆసుపత్రి పేరు రాయడం లేదు.

బావకు 46 ఏళ్ళు, గాజువాకలో ఉంటారు. షుగరు, బీపీ ఉన్నాయి. రోజూ షుగరుకు మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటారు. జ్వరం వచ్చిన రెండో రోజున ఒళ్ళునొప్పులు తట్టుకోలేక వీధిలో ఆర్‌ఎంపీ దగ్గరికెళ్తే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేసి, ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన మాత్రలు ఇచ్చాడు. జ్వరం మాత్రే కదా అనుకుని రోజుకు మూడు వేసుకున్నారు. డెంగీలో పారాసెటమాల్ ఒక్కటే వాడాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి నొప్పి మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్ళే రక్తాన్నీ తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్ కూడా అలాంటి సమయంలో కిడ్నీలోని ఒత్తిడిని పడేస్తుంది. వాంతులు, జ్వరంతో తిండీ నీళ్ళూ దిగనప్పుడు బీపీ మాత్ర, మెట్‌ఫార్మిన్ ఆపాలా అని డాక్టరుకు ఫోన్ చేసైనా అడగాలి. కలిపి చేసిన మాత్రల్లో ఏముందో తెలియాలంటే స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న రెండో పేరు చదవాలి.

11న ఎన్ఎస్‌1 అనే డెంగీ పరీక్ష పాజిటివ్ వచ్చింది. ప్లేట్‌లెట్లు 84 వేలు. 12న పొద్దున జ్వరం పూర్తిగా తగ్గింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. డెంగీలో అసలు ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. జ్వరం తగ్గే ఆ ఒకటి రెండు రోజుల్లో రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోతుంది. ఆ సాయంత్రానికి ఆగకుండా వాంతులు, కడుపునొప్పి, చల్లబడిన చేతులు. మహారాణిపేట వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి పై బీపీ 80. పీసీవీ 51 ఉంది, అంటే రక్తం చిక్కబడింది. ప్లేట్‌లెట్లు 31 వేలు. నేరుగా ఐసీయూ.

మూత్రం గొట్టం వేస్తే వచ్చింది కొంచెమే, అదీ డికాక్షన్ రంగులో. మూత్రపరీక్షలో స్ట్రిప్ మీద రక్తం ఉన్నట్టు చూపించింది కానీ, మైక్రోస్కోపులో చూస్తే ఎర్రకణాలు పెద్దగా లేవు. ఈ రెండూ కలిస్తే కండరాలు దెబ్బతిని వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి వస్తోందని అనుమానించాలి. డ్యూటీ డాక్టరమ్మ వెంటనే కండరాల దెబ్బను చూపే సీపీకే రక్తపరీక్షకు పంపారు. మామూలుగా వందల్లో ఉండాల్సింది 18 వేల పైన వచ్చింది. డెంగీలోనూ ఫ్లూలోనూ వైరస్ కండరాల్ని ఇలా దెబ్బతీయడం ఉంది. కాళ్ళ పిక్కలు ముట్టుకోనివ్వనంత నొప్పి ఎందుకో అప్పుడు అర్థమైంది. కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 2.6. షాక్, కండరాల విషం, నొప్పి ఇంజెక్షన్, బీపీ మాత్ర నాలుగూ ఒక్కసారే కిడ్నీ మీద పడ్డాయి.

ఇక్కడ బాగా పనికొచ్చింది ఒక పాత కాగితం. మార్చిలో షుగరు పరీక్షలతోపాటు చేయించిన రిపోర్టులో క్రియాటినిన్ 0.9 ఉంది. అక్క దాన్ని ఫైల్లో దాచింది. అది లేకపోతే 2.6 చూసిన ఎవరికైనా షుగరు వల్ల కిడ్నీలు ముందే పోయాయేమో అన్న సందేహం వస్తుంది. పైగా బావది కవిటి దగ్గర ఊరు. అది కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. ఉద్దానం అనగానే డాక్టర్ల ముఖాల్లోనే మార్పు వస్తుంది. రెండో ఆధారం అల్ట్రాసౌండ్. రెండు కిడ్నీలూ 10 సెంటీమీటర్లు దాటి, పై పొర మందంగా ఉన్నాయి. ఏళ్ళ తరబడి పాడైన కిడ్నీలు చాలావరకు కుంచించుకుపోయి కనిపిస్తాయి. షుగరు ఉన్నవాళ్ళలో మాత్రం పాడైనా సైజు తగ్గకపోవచ్చు, కాబట్టి స్కాన్ ఒక్కదాన్నే నమ్మలేం. పాత రిపోర్టు, స్కాన్ కలిపి చూశాక నెఫ్రాలజిస్టు, "ఇది ఇప్పుడు తగిలిన దెబ్బ, పాత జబ్బు కాదు" అన్నారు. ఇంట్లో ఎవరిదైనా సరే, చివరిగా చేయించిన క్రియాటినిన్ కాగితం ఫోన్లో ఫోటో తీసి ఉంచుకోండి.

13న క్రియాటినిన్ 3.9, 14న 5.5. మూత్రం 13న మొత్తం 140 ఎంఎల్, ఆ తర్వాతి రోజుల్లో వంద కూడా లేదు. అందువల్ల ఐసీయూలో ఎక్కించిన సెలైన్ అంతా ఒంట్లోనే ఉంది. మామూలుగా 72 కిలోల మనిషి మంచానికున్న తూకంలో 78 దాటారు. పైగా డెంగీలో ప్రమాదపు రోజులు గడిచాక, బయటికి కారిన ప్లాస్మా తిరిగి రక్తనాళాల్లోకి వస్తుంది. కిడ్నీ పనిచేస్తే ఆ నీరు మూత్రంలో పోతుంది, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. 14 రాత్రికి ఆయాసం మొదలైంది. అప్పుడు మూత్రం తెప్పించే మందు ఫ్యూరోసెమైడ్‌తో ఒక పరీక్ష చేశారు. కిలోకు ఒక మిల్లీగ్రాము లెక్కన ఇచ్చి రెండు గంటలు మూత్రం కొలుస్తారు. 200 ఎంఎల్ దాటితే ఇంకా ఆగి చూడొచ్చు. బావకు వచ్చింది 40. డయాలసిస్ తప్పదని ఆ రాత్రే తేలింది.

15 తెల్లవారుజామున పొటాషియం 6.4కి వెళ్ళింది, ఈసీజీలో టి అలలు కోసుగా లేచాయి. క్యాల్షియం గ్లూకోనేట్ ఇచ్చారు, ఇన్సులిన్‌తో గ్లూకోజ్ కలిపి ఎక్కించారు, సాల్‌బ్యూటమాల్ నెబ్యులైజర్ పెట్టారు. రెండు గంటల్లో 5.6కి దిగితే అక్క, "తగ్గింది కదా, ఇంక మిషనెందుకు?" అంది. ఈ మందులేవీ పొటాషియాన్ని బయటికి పంపవు. క్యాల్షియం గుండెను కాస్త కాపాడుతుంది, అంతే. ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది, కొన్ని గంటలకు అది మళ్ళీ రక్తంలోకి వచ్చేస్తుంది. మూత్రం లేని మనిషికి ఈ మందులు డయాలసిస్ మొదలయ్యేదాకా దొరికే వ్యవధి మాత్రమే.

ఆ వ్యవధిలో ప్లేట్‌లెట్లు తేవాలి. అప్పటికి 24 వేలు. మెడ నరంలో లావుపాటి డయాలసిస్ గొట్టం, క్యాథెటర్, పెట్టాలంటే ముందు ఎక్కించాలన్నారు. ఒకే దాత నుంచి మిషన్ మీద తీసే ప్లేట్‌లెట్లు, ఎస్‌డీపీ, ఒక సంచి మాకు రూ.11,500 అయింది. డబ్బు కంటే సమయం పెద్ద విషయం. దాతకు ముందు రక్తపరీక్షలు, వాటి ఫలితాలకు రెండు మూడు గంటలు, తర్వాత మిషన్ మీద గంటకు పైగా. దాతకు చేతి నరం లావుగా ఉండాలి, గత మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు, ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటాలి. వచ్చినవాళ్ళలో ఒకరికి నరం సన్నమని, ఒకరికి కౌంటు తక్కువని వెనక్కి పంపారు. అందుకే ఒకేసారి ముగ్గురు నలుగుర్ని పిలవాలి. తీస్తున్నప్పుడు దాత పెదాలు చిమచిమలాడతాయి. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ క్యాల్షియాన్ని పట్టేయడం వల్ల అలా అవుతుంది. అక్కడున్న సిబ్బందికి చెబితే క్యాల్షియం మాత్ర ఇస్తారు. కంగారు పడి మధ్యలో లేవొద్దు.

క్యాథెటర్ మెడకు కుడివైపు, అల్ట్రాసౌండ్ చూస్తూ పెట్టారు. కుడివైపు నరం గుండెకు తిన్నగా పోతుంది కాబట్టి అది మొదటి ఎంపిక. తొడ దగ్గర పెడితే మనిషి కూర్చోలేడు, ఇన్‌ఫెక్షన్ భయం కూడా ఉంటుంది. పెట్టాక ఎక్స్‌రే తీసి, కొస సరైన చోట ఉందని చూశాకే మిషన్ తగిలించారు.

మొదటి డయాలసిస్ రెండు గంటలే. రక్తం వేగం నిమిషానికి 150 ఎంఎల్. ఎప్పుడూ నాలుగు గంటలని వింటారే, ఇదేమిటి సగంలో ఆపేశారని చుట్టాలు అడిగారు. పేరుకున్న యూరియాను ఒక్కసారిగా తీసేస్తే రక్తంలో తగ్గినంత త్వరగా మెదడులో తగ్గదు. నీరు మెదడులోకి లాగబడి తలనొప్పి, వాంతులు, ఫిట్స్ దాకా రావచ్చు. అందుకే మొదటిరోజు తక్కువ, మర్నాడు మూడు గంటలు, ఆపైన నాలుగు. ప్లేట్‌లెట్లు తక్కువ కాబట్టి, రక్తం గడ్డకట్టనివ్వని మందు హెపారిన్ లేకుండా నడిపారు. అలా నడిపేటప్పుడు అరగంటకోసారి వంద ఎంఎల్ సెలైన్‌తో రక్తాన్ని వడగట్టే డయలైజర్ కడగాలి, రక్తం తిరిగి ఒంట్లోకి వెళ్ళే దారిలోని ఒత్తిడి, అంటే వీనస్ ప్రెషర్, మెల్లగా పెరుగుతోందేమో, డయలైజర్‌లో నల్లటి గీతలు పడుతున్నాయేమో కన్నార్పకుండా చూడాలి. కడిగిన సెలైన్ కూడా రోగి ఒంట్లోకే వెళ్తుంది, దాన్నీ తీయాల్సిన నీటి లెక్కలో కలపాలి. బావకు రెండోరోజు గంటన్నరకే డయలైజర్ గడ్డకట్టింది. కొత్తది పెట్టాల్సి వచ్చింది, బిల్లులో అదనం పడింది. అది ఎవరి తప్పూ కాదు, హెపారిన్ లేకపోతే జరిగేదే.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది నీరు తీసే వేగం. ఆరు కిలోల నీరు ఎక్కువుందని ఒక్కరోజులో లాగేస్తే బీపీ పడిపోతుంది. దెబ్బతిన్న కిడ్నీకి బీపీ పడిన ప్రతిసారీ కొత్త దెబ్బే. కోలుకుంటున్న కిడ్నీని మిషనే వెనక్కి లాగినట్టవుతుంది. ఎప్పుడూ డయాలసిస్ మీదే ఉండే రోగికి తీసినట్టు వీళ్ళకు తీయకూడదు. బావకు పూటకు లీటరున్నర, ఒకసారి లీటరు. 72కి రావడానికి వారం పైన పట్టింది. ఆయాసం తగ్గాక తొందర లేదు. మీ మనిషికి డయాలసిస్ మధ్యలో ఆవలింతలు, చెమట, కళ్ళు తిరగడం కనిపిస్తే సిగ్గుపడకుండా వెంటనే టెక్నీషియన్‌ని పిలవండి. బీపీ పట్టీ చెప్పేలోపే అవి చెబుతాయి.

"ఇంక జీవితాంతం ఈ మిషనేనేట్రా?" అని అక్క మొదటిరోజు అడిగింది. బావ వాళ్ళమ్మ కవిటి నుంచి వచ్చి ఐసీయూ బయట కూర్చుని, "మా ఊళ్ళో మిషనెక్కినోలు మరి దిగనేదు బాబూ" అంది. ఆవిడ చెప్పింది ఆవిడ చూసిందే. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఏళ్ళమీద చడీచప్పుడు లేకుండా కిడ్నీని తినేసి, చివర్లో బయటపడుతుంది. అప్పటికి మిగిలేది మచ్చలు కట్టిన కిడ్నీ. బావది వేరు. ఇందులో కిడ్నీలోని సన్నని గొట్టాల లోపలి కణాలు చచ్చి రాలిపోతాయి, వడపోసే భాగం చాలావరకు అలాగే ఉంటుంది. మిగిలిన కణాలు ఒకటి రెండుగా పెరిగి ఆ గొట్టాలను మళ్ళీ కప్పుతాయి, కోతకోసిన చేలో దుబ్బుల్లోంచి పిలక లేచినట్టు. అందుకు వారం నుంచి కొన్ని వారాలు పడుతుంది. అందరికీ పూర్తిగా తిరిగి వస్తుందని చెప్పలేం. షుగరు, పెద్ద వయసు, ముందునుంచీ కిడ్నీ బలహీనత ఉంటే కష్టం. కానీ డయాలసిస్ మొదలవడమే తీర్పు కాదు. ఇది చెబితే ఆ పెద్దావిడ నమ్మలేదు. నమ్మించడానికి నేనూ ప్రయత్నించలేదు, మూత్రం సంచి చూపించాల్సిన రోజు కోసం ఆగాను.

ఇక అంకెల సంగతి. 20న డయాలసిస్‌కు ముందు క్రియాటినిన్ 6.4. 21 పొద్దున 4.3. కుటుంబం వాట్సాప్ గ్రూపులో దండాలు, పూలు. ఆ తగ్గింది మిషన్ కడిగినందుకు, కిడ్నీ పనిచేసినందుకు కాదు. 23న డయాలసిస్‌కు ముందు మళ్ళీ 7.0 వచ్చేసరికి అందరూ ఒక్కసారిగా కుంగిపోయారు, అక్క ఆ పూట అన్నం ముట్టలేదు. డయాలసిస్ మర్నాటి అంకె చూసి సంతోషించొద్దు, రెండు రోజుల తర్వాతి అంకె చూసి ఏడవొద్దు. చూడాల్సినవి రెండే. ఒకటి, ఒక డయాలసిస్‌కూ ఇంకో డయాలసిస్‌కూ మధ్య అంకె ఎంత వేగంగా పెరుగుతోంది. రెండు, మూత్రం.

మూత్రం లెక్క నేను ఒక నోటుపుస్తకంలో రాశాను. 18న 120 ఎంఎల్, 20న 210, 22న 380, 24న 650, 26న 900. రోజూ పొద్దున ఆరుకు మొదలుపెట్టి మర్నాడు ఆరుకు ముగించే లెక్క. నర్సులు కూడా రాస్తారు, కానీ షిఫ్టు మారేటప్పుడు సంచి ఖాళీ చేసి రాయడం ఒక్కోసారి తప్పిపోతుంది. అందుకని ఐసీయూ నుంచి వార్డుకు మార్చాక మా దగ్గరా ఒక లెక్క పెట్టుకున్నాం. 22 నాటికి 380 అయినా రంగు తేలికపడింది. అన్నిటికంటే ముందు కనిపించిన మార్పు అదే. 26న డయాలసిస్‌కు ముందు 6.8. ముందులాగే మూడు రోజుల ఎడం, అయినా 23 నాటి 7.0 కంటే తక్కువ. నెఫ్రాలజిస్టు ఆ కాగితం రెండుసార్లు చూసి, "ఇవాళ చేద్దాం, తర్వాతది చెప్పేదాకా బుక్ చేయకండి" అన్నారు.

28న 5.2, 29న 5.3, 30న 5.0. ఈ మూడు రోజులు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పెరగడం ఆగి, కాస్త నిలబడి, అప్పుడు దిగడం మొదలవుతుంది. మధ్యలో నిలబడ్డ రోజుల్లో మళ్ళీ డయాలసిస్ చేయమని ఇంటివాళ్ళే ఒత్తిడి చేస్తారు. మాకూ ఆ మాట అనబోయినవాళ్ళున్నారు. పొటాషియం, ఆమ్లం, ఆయాసం అదుపులో ఉండి, మూత్రం పెరుగుతుంటే, ఒక్క క్రియాటినిన్ అంకె కోసం డయాలసిస్ అక్కర్లేదు. అక్టోబరు 2న 4.1, 4న 3.0.

ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు. మూత్రం రాక ఏడ్చిన మనిషికి ఇప్పుడు మూత్రం ఆగదు. 28న 1,600 ఎంఎల్, 30న 2,900, అక్టోబరు 2న 3,700. వడపోత ముందు వస్తుంది, నీటినీ ఉప్పునూ వెనక్కి పట్టుకునే పని తర్వాత వస్తుంది. ఈ దశలో పొటాషియం పడిపోతుంది, బావకు 3.1 అయింది. బీపీ తగ్గి మళ్ళీ కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఉంది. అలాగని పోయినంతా తిరిగి పోస్తే, పోసినంతా మళ్ళీ పోతూనే ఉంటుంది. మా డాక్టరు పోయినదాంట్లో దాదాపు మూడింట రెండు వంతులు నోటితోనే తాగించమన్నారు. రోజూ బరువు చూసి ఆ లెక్క మార్చేవారు.

కొబ్బరినీళ్ళ గొడవ ఇక్కడే చెప్పాలి. జ్వరమంటే మనకు మొదట గుర్తొచ్చేది అదే. ఆసుపత్రి గేటు బయటే బోండాల బండి. చూడవచ్చిన ప్రతివాళ్ళ చేతిలో ఒక సీసా, బొప్పాయి ఆకు రసం, కివీ పళ్ళు. కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది. మూత్రం లేని రోజుల్లో ఒక్క బోండాం గుండె ఆపగలదు. బావ దాహంతో, "ఒక్క గుక్కియ్యిరా" అని బతిమాలేవారు. రోజుకు 600 ఎంఎల్ నీళ్ళు, అదీ మందులతో కలిపి. తడిగుడ్డతో పెదాలు తుడవడం, చిన్న ఐస్‌ముక్క చప్పరించడం, అంతే. అదే మనిషికి అక్టోబరు మొదటివారంలో డాక్టరే కొబ్బరినీళ్ళు తాగమన్నారు. నిన్న వద్దన్నది ఇవాళ కావాలన్నారు కాబట్టి, ఏది పెట్టాలన్నా ఆ రోజు పొటాషియం రిపోర్టు చూసి అడగడమే.

షుగరు కూడా తిప్పలు పెట్టింది. మెట్‌ఫార్మిన్ ఆపి ఇన్సులిన్ పెట్టారు. కిడ్నీ పనిచేయనప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. 19 రాత్రి షుగరు 54కి పడి చెమటలు పట్టాయి, మోతాదు సగం చేశారు. కిడ్నీ కోలుకున్నకొద్దీ అదే మోతాదు చాలకుండా పోయి షుగరు 280 దాటింది. అన్నం సరిగా తినలేదన్నా ఇన్సులిన్ ఇచ్చేముందు నర్సుకు చెప్పాలి.

మెడ క్యాథెటర్ ఉన్నంతకాలం అక్కడ తడి తగలనివ్వలేదు. డయాలసిస్ మొదలైన అరగంటకు చలి, వణుకు వస్తే క్యాథెటర్ ఇన్‌ఫెక్షన్ అని ముందు అనుకోవాలి. అప్పుడు క్యాథెటర్ నుంచీ, చేతి నుంచీ రెండు చోట్లా రక్తం కల్చర్‌కు పంపాలి. మాకు ఆ అవసరం రాలేదు. వేరే సెలైన్లూ యాంటిబయాటిక్కులూ ఆ క్యాథెటర్‌లోంచి ఎక్కించకుండా చూడండి, అది డయాలసిస్‌కే. అక్టోబరు 2న తీసేశారు. తీసేటప్పుడు మంచం చదునుగా పెట్టి, ఊపిరి బిగబట్టమని, ఒక్కసారిగా లాగి, పది నిమిషాలు నొక్కి, గాలి చొరబడని పట్టీ వేశారు. కూర్చోబెట్టి తీస్తే ఆ రంధ్రంలోంచి గాలి గుండెలోకి పోగలదు. తీశాక అరగంట లేవనివ్వలేదు, పట్టీ మర్నాటిదాకా ఉంచారు.

5న ఇంటికి పంపారు. ఖర్చు ఐదు లక్షలు కాస్త దాటింది. ఐసీయూ మందులతో కలిపి రోజుకు 20 వేల పైన, ఐసీయూలో డయాలసిస్ పూటకు రూ.5,500, క్యాథెటర్ సామాను రూ.4,500. రైస్ కార్డు ఉంది కానీ, మేం వెళ్ళిన ఆసుపత్రి ఈ చికిత్సకు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ నెట్‌వర్క్‌లో లేదు. చేరేటప్పుడు మనిషి బతికితే చాలనిపిస్తుంది, ఈ ప్రశ్న నోటికి రాదు. వెంట వచ్చినవాళ్ళలో ఒకరు ఆ పథకం డెస్క్ ఉందా, ఈ చికిత్స వర్తిస్తుందా అని మొదటి గంటలోనే అడగాలి. ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కి మారుద్దామా అని 14న ఆలోచించాం. అప్పుడు బీపీ పడిపోకుండా నిలబెట్టే మందు మీద ఉన్నారు, అంబులెన్సులో కదపడం మంచిది కాదన్నారు. మార్చాలనుకుంటే చేరిన మొదటి పూటే అనుకోవాలి. ఇప్పుడు అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం పెట్టి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టాం, ఇంకా జవాబు రాలేదు. బిల్లుల ఒరిజినల్స్ ఇలాంటి దరఖాస్తుకు తప్ప ఎవరికీ ఇవ్వకండి, ఫోటో కాపీలు తీసి ఉంచుకోండి.

ఇంటికొచ్చాక నిజంగా పనికొచ్చినవి గీతలున్న ఒక లీటరు ప్లాస్టిక్ జాడీ, బరువు తూచే మిషన్, బీపీ మిషన్. పొద్దున లేచి మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు బరువు. ఒక్కరోజులో కిలో పైన పెరిగినా, తగ్గినా డాక్టరుకు ఫోన్. మొదటివారం మూత్రం మూడు లీటర్ల దగ్గర ఉండి, మెల్లగా రెండుకు దిగింది. రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి వచ్చేది. పడిపోకుండా మంచం పక్కనే జాడీ పెట్టాం, పిక్కల్లో బలం లేక మొదట్లో గోడ పట్టుకునే నడిచారు.

అక్టోబరు 8 పరీక్షల్లో క్రియాటినిన్ 2.1, క్యాల్షియం 11.2. క్యాల్షియం ఎందుకు పెరిగిందో మాకెవరికీ అంతుపట్టలేదు. కండరాలు దెబ్బతిన్నప్పుడు క్యాల్షియం వాటిలో పేరుకుంటుంది, కోలుకునేటప్పుడు తిరిగి రక్తంలోకి వస్తుందట. అందుకే మొదట్లో క్యాల్షియం తక్కువున్నా, గుండెకు అవసరమైనప్పుడు తప్ప ఇవ్వలేదన్నమాట. నీరసమని మెడికల్ షాపులో ఇచ్చిన క్యాల్షియం, విటమిన్ డి మాత్రలు ఆపించారు. వారంన్నరలో దానంతటదే దిగింది.

15న 1.6, నవంబరు రెండోవారంలో 1.2. ఇక్కడ జాగ్రత్త. బరువు 72 నుంచి 64కి పడింది, పోయిందంతా కండ. క్రియాటినిన్ కండరాల్లోంచే వస్తుంది కాబట్టి, కండ తగ్గిన మనిషిలో ఆ అంకె ఉన్నదానికంటే బాగున్నట్టు చూపిస్తుంది. నెఫ్రాలజిస్టు, కండతో పెద్దగా సంబంధం లేని సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష రాశారు, రూ.1,300 అయింది. దాని లెక్కన వడపోత, అంటే కిడ్నీలు నిమిషానికి వడగట్టే ఎంఎల్, 58, క్రియాటినిన్ లెక్కన 75. అంటే ఇంకా పూర్తిగా రాలేదు. చాలామంది 1.2 చూసి బాగైపోయిందని చూపించుకోవడం మానేసేది ఈ దశలోనే. నొప్పి మాత్రలు మళ్ళీ మొదలయ్యేదీ ఇప్పుడే.

మెట్‌ఫార్మిన్ వడపోత 45 దాటాక తక్కువ మోతాదుతో ఇచ్చారు, ఇన్సులిన్ అప్పుడు ఆగింది. టెల్మిసార్టాన్ నవంబరు చివర్లో మొదలుపెట్టి, పది రోజులకు క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చూశారు. కిడ్నీకి దెబ్బతగిలినప్పుడు ఆపిన మందే తర్వాత షుగరున్న కిడ్నీని కాపాడటానికి కావాలి. అప్పుడాపారు కదా అని మీ అంతట మీరు మానేయొద్దు.

మూడు నెలలకు, డిసెంబరు మధ్యలో, క్రియాటినిన్ 1.0, సిస్టాటిన్ సి లెక్కన వడపోత 74, బరువు 69. మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి 42 వచ్చింది. 30 లోపు ఉండాలి. అది షుగరుదా, ఈ దెబ్బ మిగిల్చిందా అన్నది మార్చిలో మళ్ళీ చూస్తే కొంత తెలుస్తుందన్నారు. మూడు నెలలన్నది ఒక హద్దు. అప్పటికి తిరిగిరానిదాన్ని దీర్ఘకాలపు కిడ్నీ జబ్బుగా లెక్కించి వైద్యం మారుస్తారు. ఇకమీదట ఆరు నెలలకోసారి ఈ రక్త, మూత్ర పరీక్షలు ఉంటాయి. బావ ఫైల్లో మొదటి పేజీగా ఒక కాగితం అంటించాం: "2 వారాలు డయాలసిస్ జరిగింది. డైక్లోఫెనాక్ జాతి మందులు, జెంటామైసిన్, అమికాసిన్ వద్దు. కాంట్రాస్ట్‌తో స్కాన్ చేసేముందు నెఫ్రాలజిస్టును అడగాలి." పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా ఆ కాగితం ముందు చూపిస్తున్నారు. డిసెంబరులో పంటి డాక్టరు రాయబోయిన నొప్పి మాత్ర అది చూసి పారాసెటమాల్‌కి మార్చారు.